మూర మూరగా పెరిగే కోట

బయ్యన్న సగం గోడ ఎక్కాడో లేదో, గోడ కదిలింది.

కదిలిందంటే గాలికి తలుపు కదిలినట్టు కాదు. నూరడుగుల ఎత్తు నల్లరాతి గోడ, బురుజులతో, జెండాలతో, జెండాల మీద కూర్చున్న కాకులతో సహా ఆబోతులా ఒక్క రంకె వేసి, సరిగ్గా ఒక మూర ముందుకు జరిగింది. కింద తుప్పలు నలిగిపోయాయి. ఎర్రటి దుమ్ము ఆకాశానికి లేచింది. బయ్యన్న పట్టుకున్న నారతాడు బారెడు వెనక్కి ఊగి, అతణ్ణి తెచ్చి రాతికేసి ఫెడేలుమని కొట్టింది.

"ఓసి నీ దుంపతెగ! మడిసి ఎక్కతన్నాడని సూసుకోవా?" అని గోడను తిట్టి, నోట్లో పడ్డ మట్టి ఉమ్మేసి, బయ్యన్న మళ్ళీ ఎక్కసాగాడు.

ఇంకొకడైతే ఈపాటికి కింద పడి ఎముకల లెక్క చూసుకునేవాడు. బయ్యన్న జుంటిపల్లి తేనెపట్లవాడు. పదేళ్ళప్పటి నుంచీ తేనెగుండు మీద వేలాడినవాడు. తేనెగుండు అంటే మామూలు గుట్ట కాదు. కోటకు పడమట, గోడకు ఎదురుగా, గోడంత ఎత్తున నిటారుగా నిలబడ్డ ఒంటిరాయి. దాని నెత్తి కింద నలభై పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. జుంటిపల్లిలో ఎనభై గడపలకూ ఆ పట్లే పంట. పెళ్ళినాడు వరుడు గుండెక్కి, పై పట్టు తేనె తెచ్చి వధువు నోట్లో వేస్తేనే ఆ ఊళ్ళో పెళ్ళయినట్టు. బయ్యన్నకూ మేనమామ కూతురు గున్నమ్మకూ వచ్చే పున్నమికే ముహూర్తం.

ఆ ముహూర్తానికి ఈ గోడే అడ్డం వచ్చింది. వర్ధనగిరి కోటను చుట్టుపక్కలవాళ్ళు మూరకోట అంటారు. ముత్తాతల ముత్తాతల నాడు అదొక మేడ, ఒక గుర్రపుశాల, చుట్టూ పిట్టగోడ. లోపల కొత్త కొలువు ఏది పెట్టినా దానికొక డప్పు కడతారు. ఆ డప్పు మీద మొదటి దెబ్బ పడగానే గోడ మూర ముందుకొస్తుంది. అలా వచ్చి వచ్చి ఇప్పటికి పన్నెండు కోసుల కైవారం అయింది. గోడ మింగిన ఊళ్ళకు కష్టమేమీ లేదు, పాపం. అందరికీ బట్టలూ భోజనమూ దొరుకుతాయి. కాని తెల్లవారగానే కోటలో పదకొండు వేల డప్పులు ఒక్కసారి మోగుతాయి. ఆ మోతకు ఏ తేనెటీగ నిలుస్తుంది? గోడ గుండును తాకిందా, ఆ అదురుకు నలభై పట్లూ ఒక్క పూటలో లేచిపోతాయి. నిన్నటికి గోడకూ గుండుకూ మధ్య పదమూడు మూరలుండేవి. ఇప్పుడు పన్నెండు.

లోపల ఎక్కడో కర్కటకేశుడనే మాంత్రికుడు కూర్చుని ఇదంతా చేయిస్తున్నాడని ఊరంతా నమ్మింది. వాడి మెడ మీద కత్తి పెట్టి, మంత్రం వెనక్కి చదివిస్తానని చెప్పి బయ్యన్న బయలుదేరాడు.

గోడ అంచు మీద చెయ్యి పడిందో లేదో, పది బల్లేలు అతని ముక్కు ముందుకొచ్చాయి.

"ఎవరక్కడ? పులివా?"

బయ్యన్నకు నవ్వాగలేదు. "కాదు బాబూ, మడిసిని."

"మనిషా! అమ్మయ్య!" అని బల్లేలవాళ్ళు ఊపిరి వదిలి బల్లేలు దించేశారు. "మనుషులు గోడెక్కితే చూసుకోవలసింది చొరబాట్ల కొలువు. వాళ్ళు తూర్పు బురుజున ఉంటారు. ఇది పులికొలువు. పులి ఎక్కితేనే మా పని."

"మరి నన్నేటి సేస్తారు?"

"ఏం చేస్తాం? వాళ్ళకు కబురు పెడతాం. కబుర్ల కొలువు ద్వారా వెళ్ళాలి కనుక మధ్యాహ్నం దాటుతుంది. ఈలోగా ఫలహారం చెయ్యి."

చేశాడు మరి. వేడి పొంగలి, నెయ్యి కారుతోంది. అతను రెండో దొప్ప నాకుతుండగా పులికొలువు పెద్ద భల్లాణదొర వచ్చాడు. బుగ్గల దాకా మీసాలు, భుజాన పచ్చని పట్టుబట్ట. పులితోలు దొరక్క బట్ట మీద రంగు వేయించుకున్నాడు. రంగు వేసినవాడు పులిని ఎప్పుడూ చూడలేదు కాబోలు, చారలకు బదులు గుండ్రంగా చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల బట్టే కొలువులో అందరికీ గుర్తు.

"నా కింద ముప్ఫై తొమ్మిది మంది ఉన్నారు" అన్నాడు దొర, బయ్యన్న భుజాలు తడిమి చూస్తూ. "నలభై మంది ఉంటే పల్లకి ఇస్తారు. పని బాగా చేస్తే ఇవ్వరు నాయనా, మంది ఎక్కువైతే ఇస్తారు. నువ్వు గట్టిగా అరవగలవా?"

"గుండు మీంచి అరిస్తే మా ఊళ్ళో ఇనపడద్ది."

"భేష్! ఈ రాజ్యంలో పులి కనబడి డెబ్బై ఏళ్ళయింది. జనం పులినే మరిచిపోతున్నారు. ఎంత ప్రమాదం!"

"పులే లేదు కదా బాబూ. పెమాదం ఎవలికి?"

"మాకు" అన్నాడు దొర, దాపరికం లేకుండా. "కనుక వారానికోసారి వీధుల్లో పులిలా గాండ్రించేవాడు కావాలి. నువ్వే ఆ గాండ్రింపువాడివి!"

కోటలో తిరగడానికి ఇంతకు మించిన వేషం ఏముంటుందని బయ్యన్న సరేనన్నాడు. చుక్కల బట్ట కప్పారు. కొత్త డప్పు తెచ్చారు. కొలువు పుచ్చుకున్నవాడే మొదటి దెబ్బ వెయ్యాలి, అది అక్కడి ఆచారం. కర్ర చేతిలో పెట్టగానే, ఇంత పొంగలి తిన్న మొహమాటానికి బయ్యన్న ఢమ్మని కొట్టాడు.

కాళ్ళ కింద గోడ రంకె వేసింది. మూర జరిగింది. ఎదురుగా తేనెగుండు మూరెడు దగ్గరికొచ్చి నిలబడింది.

"నా సేతులిరిగిపోనూ!" అని బయ్యన్న నెత్తి మీద కొట్టుకున్నాడు. గోడను ఆపడానికి వచ్చినవాడు, వచ్చిన గడియలోనే తన చేత్తో తనే గోడను తోశాడు. పదకొండు మూరలు మిగిలాయి.

దొరగారి కొత్త పల్లకి పక్కన నడుస్తూ అతను నగరం చూశాడు. ఏమాటకామాటే చెప్పాలి, నగరం కన్నుల పండువగా ఉంది. చంద్రకాంత శిలల చావళ్ళు, వీధి వీధికీ వెండి గొట్టాల్లోంచి చిమ్మే పన్నీరు, మిద్దెల మీంచి జాలువారే మాలతీలతలు, ముంగిళ్ళలో ముత్యాల ముగ్గులు. అంగళ్ళలో కర్పూరమూ కుంకుమపువ్వూ కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఎవరి మొహం చూసినా భోంచేసి తాంబూలం వేసుకున్న కళ. ప్రతి మూడో మనిషి మెడలో ఒక డప్పు.

"ఇన్ని కొలువులు ఎందుకు బాబూ?" అని అడిగాడు బయ్యన్న.

పల్లకిలో కాళ్ళు చాపుకుని భల్లాణదొర ఉత్సాహంగా అందుకున్నాడు. "కడుపు నిండని రోజుల్లో జనం రాజును అడిగింది ఒక్కటే, దొంగల్ని పట్టమని. ఇప్పుడు కడుపు నిండింది. నిండాక బడి కావాలి, తోట కావాలి, వీధికి పన్నీరు కావాలి, పక్కింటివాడి సంగీతం ఆపేవాడు కావాలి. అదిగో, ఆ సాలెవాణ్ణి చూడు. నీటిచక్రం మగ్గం పెట్టి ఒకప్పటి పది రోజుల నేత ఒక్క రోజులో నేస్తున్నాడు. కూలి పెరిగింది. మరి కాపలావాడు? ఒక్క రాత్రిలో పది రాత్రుళ్ళ కాపలా కాయలేడు కదా! అయినా సాలెవాడితో సమానంగా ఇవ్వకపోతే వాడూ మగ్గం దగ్గరికే పోతాడు. చేసే పని అంతే, ఇచ్చేది మాత్రం ఏటేటా పెరుగుతుంది."

"పని లేని కొలువులు తీసెయ్యొచ్చు కదా?"

దొర పల్లకిలోంచి పడబోయాడు. "తీసెయ్యడమా? డప్పు దించినవాడే జవాబుదారీ! పులికొలువు ఎత్తేసిన మర్నాడు పులి వచ్చిందనుకో, ఎవడు ఎత్తేశాడో వాడి తల తీస్తారు. ఉంచినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ముప్ఫై ఏళ్ళ కిందట యుద్ధం వస్తే నూట ఎనభై డప్పులు కట్టారు. యుద్ధం ఆరు నెలల్లో అయిపోయింది. డప్పులు అలాగే ఉన్నాయి."

మాటల్లోనే నగరం నడిబొడ్డున ఒక బూడిదరంగు బురుజు కనిపించింది. కిటికీలు లేవు, పావురాలు వాలడం లేదు. "అది మాంత్రికుడి నెలవు. అటు చూడకు" అని దొర కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు తెరిచేసరికి గాండ్రింపువాడు మాయం.

బురుజు ద్వారం దాటగానే వరసగా పన్నెండు మంది కంచుభటులు, చేతుల్లో ఆరేసి అడుగుల కత్తులు. బయ్యన్న అడుగు పెట్టగానే కరకరమని కళ్ళు తెరిచారు. ఒంటి మీద కొలువు గుర్తు ఉన్నవాణ్ణి వాళ్ళు వదిలేస్తారు, లేనివాణ్ణి రెండు ముక్కలు చేస్తారు. చుక్కల బట్ట చూసి పదకొండు మంది కత్తులెత్తి దారిచ్చారు. పన్నెండోవాడి దగ్గరకు వచ్చేసరికి బట్ట జారి కింద పడింది! కత్తి గాలిని చీల్చుకుంటూ దిగింది. బయ్యన్న బొంగరంలా తిరిగి నేలకంటుకుపోయాడు. నెత్తి మీద జుట్టు పిడికెడు ఎగిరిపోయింది. దొర్లుకుంటూ వెళ్ళి మెట్టెక్కాడు. మెట్టు మాయమైంది! పక్క మెట్టు పట్టుకున్నాడు. అదీ మాయమైంది! నారతాడు విసిరాడు. పైన దూలానికి చుట్టుకుంది. కింద నిప్పుల గుండం నోరు తెరుచుకుని బుసకొడుతుండగా చకచకా పైకి పాకాడు.

పైన తలుపుకు గుప్పెడంతేసి కందిరీగలు, వెయ్యి ఉంటాయి, తెరలా వేలాడుతున్నాయి. ఒక్కటి కుడితే ఏనుగు పడిపోతుంది. వాటిని చూసి మహావీరులు వెనక్కి తిరిగి ఉంటారు. బయ్యన్న మాత్రం చుట్టాల్ని చూసినట్టు నవ్వాడు. మొలలోని పొగకట్ట తీసి, కింద గుండం సెగకు అంటించి, మెల్లగా నోటితో ఊదాడు. పచ్చాకుల పొగ తలుపంతా కమ్ముకుంది. కందిరీగలు మత్తుగా ఒకదాని మీద ఒకటి ఒరిగి నిద్రపోయాయి. కత్తి దూసి, తలుపు తన్ని, బయ్యన్న లోపలికి దూకాడు.

పుర్రెలు లేవు. రక్తపు గిన్నెలు లేవు. ఒక పెద్దాయన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని చింతకాయలు వలుచుకుంటున్నాడు. పక్కన పంజరంలో చిలుక.

"చెప్పులు బయట విడిచి రా నాయనా" అన్నాడు కర్కటకేశుడు.

బయ్యన్న ఎగిరి ఆయన మెడ మీద కత్తి ఆనించాడు. "గోడ మా తేనెగుండు మీదికొచ్చేస్తంది, ఎనక్కి తియ్యి! లేపోతే పీక తెగుద్ది."

"తియ్యడానికి నేనెవర్ని? నాదీ ఒక కొలువే. మంత్రాల కొలువు. మూడు వందల ఏళ్ళ కిందట ఒక్కసారి మంత్రం వేశాను, అప్పటి నుంచీ భోజనం పెడుతున్నారు." ఆయన ఇంకో చింతకాయ వలిచాడు. "ప్రజలు అడిగిందంతా పట్టే కోట కావాలన్నాడు ఆనాటి రాజు. వేశాను. ఎవడైనా 'ఇది నాకు కావాలి' అని డప్పు కొడితే గోడ మూర ముందుకు. 'ఇది నాకు చాలు' అంటే మూర వెనక్కి."

"మరి ఒక్కసారీ ఎనక్కి రాలేదేటి?"

"చాలు అన్నవాళ్ళు లేరనుకున్నావా? ఇదే కోటలో వేలమంది అన్నారు. సాలెవాళ్ళు పన్నీటి కొలువు చాలు అన్నారు. పన్నీటివాళ్ళు సాలెవాళ్ళ కొలువు చాలు అన్నారు. తన సొంతం చాలు అన్నవాడు ఒక్కడూ లేడు. ఎందుకంటావా? కొత్త డప్పు కడితే కట్టించుకున్నవాడికి గంపెడు లాభం. దాని ఖర్చు రాజ్యంలో ఒక్కో వంటింటి నుంచీ చిటికెడు ఉప్పు. చిటికెడు ఉప్పు కోసం పని మానుకుని ఎవడు కోటకొచ్చి కొట్లాడతాడు? గంపెడు కోసమైతే ప్రాణాలిస్తాడు."

బయ్యన్న కత్తి కాస్త దించాడు. అంతలో ఏదో తట్టింది. "నాకూ ఒక కొలువుంది కదా? గాండ్రింపువాడిని! అది నాకు సాలు."

అన్నాడో లేదో, ఎక్కడో దూరాన గోడ మూలిగింది. గది అదిరింది. వేణ్ణీళ్ళు తొణికి కర్కటకేశుడి పంచె తడిసింది. మూడు వందల ఏళ్ళలో మొదటిసారి కోట ఒక మూర వెనక్కి వెళ్ళింది.

ముసలాయన చేతిలో చింతకాయ జారిపోయింది. "నాయనా! అది పని చేస్తుందా లేదా అని నాకే అనుమానంగా ఉండేది" అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బయ్యన్నకు పట్టరాని సంతోషం వేసింది. చిలుకతో సహా ముగ్గురూ కాసేపు నవ్వుకున్నారు.

"సంతోషం సరే" అన్నాడు కర్కటకేశుడు, తాటాకుల కట్ట ఒకటి తీసి. "ఈ సాయంత్రం పడమటి బురుజు మీద రాజుగారి దర్బారు. పన్నెండు విన్నపాలున్నాయి. వేలిముద్రలతో సహా రెండో ప్రతి నాకూ పంపుతారు. ప్రసన్నసేన మహారాజు ఎవరికీ లేదనడు. మీ గుండు ఎంత దూరం?"

"పన్నెండు మూరలు."

"అయితే ఇవాళ్టితో సరి. పన్నెండిట్లో ఒక్కటైనా అడిగినవాళ్ళే వద్దనుకోవాలి. మొదటి వేలిముద్ర ఎవరిదో వాడి మాటే చెల్లుతుంది. చదువుతా విను. ఒకటి, గాలిపటాల కొలువు. రెండు, ఎండ పొడకు గొడుగుల కొలువు..." అలా చదువుతూ పన్నెండోదాని దగ్గర ఆగిపోయాడు. "జుంటిపల్లివాళ్ళది. కోట గోడ తమ గుండు మీదికి రాకుండా చూడడానికి ఒక గోడకాపు కొలువు కావాలట."

బయ్యన్న ఆ ఆకు లాక్కుని చూశాడు.

వారం కిందట రచ్చబండ దగ్గర గున్నమ్మ తండ్రి దాలయ్య మావ ఆ ఆకు రాయించాడు. గోడ రాకుండా రాజుగారే ఒక మనిషిని పెడితే సరిపోతుంది కదా అని ఊరంతా చప్పట్లు కొట్టింది. ముందుకు దూకి మొదటి వేలిముద్ర వేసిందెవరో తెలుసా? మన బయ్యన్నే. ఆకు చివర, కత్తిగాటు పడ్డ బొటనవేలి గుర్తు స్పష్టంగా ఉంది. గోడను ఆపమని అడిగిన విన్నపమే గోడను గుండు మీదికి తెచ్చే ఆఖరి మూర.

"దర్బారు ఎప్పుడు?" అని అరిచాడు.

"మొదలై ఉంటుంది" అంది చిలుక.

బయ్యన్న తాడు పట్టుకుని జర్రున జారాడు. కంచుభటుల కాళ్ళ సందుల్లోంచి దూరి బయటపడ్డాడు. పొద్దున పెట్టిన కబురు అప్పుడే చేరిందేమో, వీధి మొగలో చొరబాట్ల కొలువువాళ్ళు నూరు మంది ఎదురయ్యారు. "వాడే! పట్టుకోండి!" బయ్యన్న పన్నీటి బండి మీదికి ఎగిరి గొట్టాలన్నీ తిప్పేశాడు. వీధంతా గులాబీ నీళ్ళు, నూరు మందీ జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకడి గుర్రం లాక్కుని, పూలంగళ్ళ మీదుగా, సంగీతశాల నట్టనడుమ నుంచి, పెళ్ళి ఊరేగింపును చీల్చుకుంటూ పరుగు తీశాడు. దూరాన గోడ రంకె వేస్తూనే ఉంది. ఒకటి. రెండు. ఐదు. ఎనిమిది. ఒక్కో రంకెకూ అతను గుర్రాన్ని ఇంకాస్త అదిలించాడు. పదకొండో రంకె వినబడేసరికి పడమటి బురుజు మెట్లు మూడేసి చొప్పున దూకుతున్నాడు.

బురుజు మీద పగడాల పందిరి కింద మహారాజు కూర్చున్నాడు. నిండుకుండలాంటి పొట్ట, చల్లని చూపు. ఎవరైనా నొచ్చుకుంటే తట్టుకోలేని మనిషి. ఎదురుగా కొత్త తలపాగాతో దాలయ్య మావ, పక్కన పసుపు చీరలో గున్నమ్మ, వెనక ఊరివాళ్ళు. వాళ్ళకు నాలుగడుగుల అవతల, గోడ అంచు దాటి చెయ్యి చాపితే అందేటంత దగ్గరలో తేనెగుండు. పట్లు గుయ్యిమంటున్నాయి.

"గోడకాపు కొలువు ఇచ్చాం! డప్పు తెండి" అన్నాడు రాజు.

"మాకొద్దు!"

అందరూ తిరిగి చూశారు. జుట్టు సగం ఎగిరిపోయి, ఒళ్ళంతా గులాబీ నీళ్ళతో, రొప్పుతూ బయ్యన్న నిలబడ్డాడు.

"ఏట్రా అల్లుడా, గాలి గాని సోకిందేటి?" అన్నాడు దాలయ్య. "మన గుండు కోసమేరా!"

"గుండు కోసమే ఒద్దంతన్నాను మావా! మొదటి ముద్దర నాది. ఈ కొలువు మాకొద్దు. ఉన్నది సాలు."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "వద్దన్నవాడు జవాబుదారీ. గోడ వచ్చి గుండును తాకిన నాడు నీ తల తెగుతుంది. ఒప్పుకుంటావా?"

ఊరివాళ్ళు గొణిగారు. గున్నమ్మ మాత్రం బయ్యన్న మొహంలోకి తేరిపార చూసి, "బావ ఏటో సూసొచ్చాడయ్యా. ఉండండి" అంది. ఆ ఒక్క మాట చాలు అతనికి. "ఒప్పుకున్నాను" అని బొటనవేలు సిరాలో ముంచి ఒత్తాడు. తెచ్చిన డప్పును భటులు తిరిగి మోసుకుపోయారు. గోడ కదలలేదు. గోడకూ గుండుకూ మధ్య ఒక మూర మిగిలింది. గుండె నిండా గాలి పీల్చుకుని బయ్యన్న నవ్వాడు.

మహారాజు సింహాసనం మీంచి లేచి వచ్చాడు. "నా జన్మలో వద్దు అన్నవాణ్ణి చూడలేదు! ఎంత చక్కని మాట! రాజ్యానికి ఇలాంటివాడే కావాలి. మంత్రీ, ఇవాళే వద్దుల కొలువు పెట్టండి. ఇతనే దానికి దొర. కింద నూరు మందినివ్వండి."

"బాబో! నాకొద్దు బాబూ!"

"చూశారా! ఎంత బాగా వద్దంటున్నాడో! ఇంతకన్నా అర్హుడెవడు?" అని రాజు చప్పట్లు కొట్టాడు. జుంటిపల్లివాళ్ళు గొణగడం మాని జేజేలు పలికారు. తమ ఊరివాడు దొర! తలపాగా తెచ్చారు. డప్పు తెచ్చారు. నలుగురు భటులు బయ్యన్న చెయ్యి పట్టుకుని, కర్ర బిగించి, డప్పు మీదికి వంచుతున్నారు. జానెడు. బెత్తెడు.

బయ్యన్న కర్ర వదిలేసి డప్పే లాక్కున్నాడు. ఒకణ్ణి మోచేత్తో పొడిచి, ఇంకొకడి భుజమెక్కి, పందిరి రాట మీంచి గోడ అంచుకు దూకాడు. "పట్టుకోండి!" అన్నారు అందరూ. ఎవరూ కదల్లేదు. డప్పుల దొంగల్ని పట్టే కొలువు ఆ రాజ్యంలో లేదు మరి! ఎదురుగా గుండు. దూరం మూరెడే, కాని నున్నటి నిలువు రాయి, కింద నూరడుగులు. చెయ్యి ఒకటే ఖాళీ. రెండో చేతిలో డప్పు. అది రాతికి తగిలి మోగిందా, అతని చేతి దెబ్బే అవుతుంది, గోడ కదులుతుంది. బయ్యన్న డప్పు చర్మాన్ని పొట్టకు అదుముకుని, వీపు తిప్పి దూకాడు. వీపు చీరుకుపోయింది. వేళ్ళు ఒక నెర్రెలో చిక్కాయి. తేనెటీగలు గుప్పున లేచి చుట్టూ తిరిగి, తెలిసిన మనిషే అనుకున్నట్టు మళ్ళీ పట్టుకు చేరాయి.

డప్పు మోగలేదు.

చంటిబిడ్డను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని బయ్యన్న పకపకా నవ్వాడు. గోడ మీద రాజుకూ నవ్వొచ్చింది. ఆ రాజుకు కోపం రాదు, అదే వచ్చిన చిక్కు.

"అయ్యో, అంత యోగ్యుణ్ణి పోగొట్టుకుంటామా?" అన్నాడాయన. "మంత్రీ, అతణ్ణి బతిమాలి తీసుకురావడానికి ఒక కొలువు పెడదాం. పల్లకి ఇస్తాం. ఎవరికి కావాలి?"

"నాకు కావాలి బాబూ!"

బయ్యన్న నవ్వు ఆగిపోయింది. ఆ గొంతు పుట్టినప్పటి నుంచీ ఎరిగిన గొంతు. తండ్రి పోయాక తనను ఎత్తుకుని పెంచినవాడి గొంతు. దాలయ్య మావ తలపాగా సర్దుకుని, సంతోషంతో మొహం వెలిగిపోతుండగా ముందుకొచ్చాడు. "నా అల్లుణ్ణి నేను కాక ఇంకెవులు తెస్తారు? ఓరి బయ్యా, ఉండరా, నానొస్తన్నాను!"

"అయ్యా, ఆగు!" అని గున్నమ్మ తండ్రి మోచెయ్యి పట్టుకుంది. ఆయన వినలేదు. మరో డప్పు వచ్చింది. దాలయ్య చేతిలో కర్ర పైకి లేచింది.

"మావా, కొట్టకు! నానే వచ్చేస్తన్నాను!" అని కేక వేస్తూ, బయ్యన్న డప్పును అలాగే పొట్టకు అదుముకుని, నెర్రెలోంచి వేళ్ళు పీకి, గుండును కాళ్ళతో తన్ని, ఉన్న ఆ ఒక్క మూరా దాటి కోట గోడ మీదికి గాల్లో ఎగిరాడు.